అమలాపురంలో బడి తర్వాత ఆటల కేంద్రం: ఒక తల్లి సమీక్ష

అమలాపురంలో మా వీధికి దగ్గరగా, బడి వదిలిన తర్వాత పిల్లలను ఆడించి, అల్పాహారం పెట్టి పంపే కేంద్రానికి మా అమ్మాయిని ఈ విద్యాసంవత్సరం నుంచి పంపుతున్నాము. 5 నుంచి 17 ఏళ్ల వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో సూచించింది; బడికీ ట్యూషన్‌కూ మధ్య నలిగే మన పిల్లలకు ఆ గంట ఇంకెక్కడా దొరకడం లేదు.

ఇక్కడ ఖోఖో, కబడ్డీ, తాడాట ఆడిస్తారు. బాగా పరుగెత్తేవారినే ముందుకు తోయకుండా, బిడియపడే పిల్లలకు కూడా ప్రతిరోజూ వంతు వచ్చేలా చూడడం నాకు ఎంతో నచ్చింది.

అన్నిటికంటే మెచ్చుకోవలసినది తిండి. చిప్స్ పొట్లాలకూ శీతల పానీయాలకూ గేటు దగ్గరే అడ్డుకట్ట వేసి, ఉడికించిన బొబ్బర్ల గుగ్గిళ్లు, వేరుశనగలు, అరటిపండ్లు, చలికాలంలో తేగలు పెడతారు. గుగ్గిళ్లలో తాలింపు, ఉల్లిపాయ ముక్కలు కలపడం పిల్లలకే అప్పగిస్తారు కనుక, ఇంట్లో ముట్టనివి కూడా అక్కడ ఇష్టంగా తింటున్నారు. చేతులు సబ్బుతో కడుక్కోనిదే ఎవరికీ పళ్లెం ఇవ్వరు.

లోపం ఒక్కటే: కప్పు ఉన్న స్థలం లేకపోవడంతో, మన కోనసీమ వానలకు ఆవరణ బురదయి ఆటలు ఆగిపోతాయి. రేకుల షెడ్డు వేస్తామని నిర్వాహకులు అంటున్నారు. అది పూర్తయితే మా చిన్నవాడిని కూడా చేర్పిస్తాము.