ఎవే డోలు: నోటిపాఠమా, గళ్ల కాగితమా?

ఘానాలోని ఎవే ప్రజల అగ్బాజా వాద్యాన్ని, నృత్యాన్ని ఇతర దేశాల విద్యార్థులకు నేర్పేవారి ముందు రెండు దారులుంటాయి: దెబ్బలను నోట పలికించి నేర్పడం, గళ్లలో రాసి ఇవ్వడం.

ఖర్చు: రెండింటికీ పెద్ద తేడా లేదు.

శ్రమ: కాగితమైతే ముందుగా రాసిపెట్టుకునే గురువుకు భారం, నోటిపాఠమైతే పదేపదే పలకవలసిన శిష్యుడికి భారం.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే ఉంది. గాంకోగుయి అనే జంట గంటపై 12 మాత్రల్లో 1, 3, 5, 6, 8, 10, 12 స్థానాల్లో 7 దెబ్బలు పడతాయి. నర్తకుల అడుగులు 1, 4, 7, 10 స్థానాల్లో పడతాయి కాబట్టి, వాటిలో రెండు గంట మోగని చోటనే పడతాయి. కాగితం చూసేవారు దెబ్బలను లెక్కపెట్టగలరు గానీ ఆ అడుగును ఒంట్లో నిలుపుకోలేరు. పైగా ప్రధాన డోలైన సొగో పిలుపుకు కిడి అనే మరో డోలు బదులివ్వవలసిన క్షణంలో వారి చూపు కాగితం మీదే ఉంటుంది. నోటిపాఠంలో మరపు తప్ప మరో భయం లేదు. మృదంగం జతులు నోట పలికి నేర్చిన తెలుగువారికి ఇది పరిచితమైన దారే.

వారానికి ఒక్కసారి కలిసే విశ్వవిద్యాలయ తరగతికి, ఇంటి సాధనకు కాగితం ఉపయోగపడుతుంది. ఆడుతూ వాయించే బృందానికి, పిల్లలకు నోటిపాఠమే తగినది. వారికి కాగితం ఇవ్వవలసివస్తే, వరుస నోటికి వచ్చిన తరువాతనే ఇవ్వాలి.