దాతోంగ్: దేనికి సమయం ఇవ్వాలి, దేన్ని వదిలేయవచ్చు

బీజింగ్ వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది చైనా గోడను, రాజప్రాసాదాన్ని చూసుకుని నేరుగా షాంఘై దారి పడతారు. ఆ ప్రయాణంలో రెండు మూడు రోజులు మిగుల్చుకోగలిగినవారికి నా సిఫారసు షాన్సీ రాష్ట్రంలోని దాతోంగ్. 2019 డిసెంబరులో హైస్పీడ్ రైలు వచ్చాక బీజింగ్ నుంచి అక్కడికి సుమారు రెండు గంటల ప్రయాణమే. క్రీ.శ. 398 నుంచి దాదాపు శతాబ్దం పాటు ఉత్తర వెయ్ రాజవంశానికి రాజధానిగా వెలిగిన ఈ ఊరు మొన్నమొన్నటి దాకా బొగ్గు గనుల ఊరుగానే పేరుపడింది. అయితే ఇక్కడ యాత్రికులకు చూపించేవన్నీ ఒకే వయసువి కావు, ఒకే విలువ చేసేవీ కావు. అందువల్ల డబ్బు, అంతకంటే ముఖ్యంగా ఓపిక, దేనికి వెచ్చించాలో ముందే తేల్చుకుని వెళ్ళడం మంచిది.

నా లెక్కలో మొదటి స్థానం ఊరికి పడమరగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న యున్‌గాంగ్ గుహలది. 446లో ఉత్తర వెయ్ వంశపు చక్రవర్తి ఒకరు బౌద్ధాన్ని కఠినంగా అణచివేశాడు; అతని తరువాత గద్దెనెక్కినవాడు ఆ మతాన్ని తిరిగి ఆదరించాడు. తాన్‌యావ్ అనే భిక్షువు పర్యవేక్షణలో 460 ప్రాంతంలో ఈ ఇసుకరాతి కొండను తొలవడం మొదలైంది. ఇప్పుడు 16 నుంచి 20 వరకు అంకెలు వేసిన అయిదు గుహలు అప్పటివే. అందులోని అయిదుగురు బుద్ధులు ఆ వంశపు అయిదుగురు పాలకులకు ప్రతీకలని చరిత్రకారులు చెబుతారు. మతాన్ని అణచిన రాజు కూడా బుద్ధుడి రూపంలోనే రాతిలో నిలిచాడన్నమాట! 20వ గుహ ముందుగోడ ఏనాడో కూలిపోవడంతో, 13 మీటర్లకు పైగా ఎత్తున్న బుద్ధుడు ఆరుబయట కూర్చుని కనిపిస్తాడు. పోస్టర్ల మీద ఎప్పుడూ కనిపించేది ఈయనే, జనం మూగేదీ ఇక్కడే.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం 8వ గుహ ద్వారం. లోపలికి అడుగుపెట్టే చోట కమాను గోడకు ఒకవైపు మూడు ముఖాలు, ఎనిమిది చేతులతో మహేశ్వరుడు ఎద్దునెక్కి కూర్చున్నాడు. ఆయన చేతుల్లో సూర్యచంద్రులు, విల్లంబులు, వాటితోపాటు ఒక ద్రాక్షగుత్తి ఉన్నాయి. ఎదుటి గోడ మీద అయిదు ముఖాలు, ఆరు చేతులున్న కుమారస్వామి ముక్కున పూస కరచుకున్న పక్షిపై ఉన్నాడు. ఆరో ముఖం ఏమైందని మనవాళ్ళు తప్పక వెతుకుతారు. మధ్య ఆసియా ఎడారి దారుల మీదుగా బౌద్ధంతోపాటు వెళ్ళిన మన దేవుళ్ళు అక్కడ ద్వారపాలకులుగా స్థిరపడ్డారు. గైడ్లు సాధారణంగా దీన్ని ఒక్క మాటలో దాటేస్తారు కాబట్టి, ఆ గుహ దగ్గర ఆపమని ముందుగానే చెప్పుకోవాలి. గుహల్లోని చాలా విగ్రహాల ఒంటి నిండా, గోడల నిండా చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. అవి తూటా దెబ్బలు కావు. తరువాతి కాలంలో మరమ్మతు చేసినవారు మట్టి పూత నిలిచేందుకు చెక్క మేకులు దిగగొట్టిన గుర్తులు. పూత రాలిపోయింది, గుంటలు మిగిలాయి.

ఇక్కడ నాకు నచ్చనిది ఆవరణ. టికెట్ గేటు దాటాక, ఈ శతాబ్దంలో కట్టిన మండపాల మధ్య నుంచి, చెరువు నడుమ కొత్తగా లేపిన గుడి పక్క నుంచి చాలా దూరం నడిస్తే తప్ప అసలు కొండ ఎదురుకాదు. వృద్ధులతో వెళ్ళేవారు ఈ నడకను లెక్కలో వేసుకోవాలి. ఒకప్పుడు గుహల ముందు నుంచే బొగ్గు లారీలు తిరిగే రహదారిని 1990ల చివర్లో దూరంగా మళ్ళించినందుకు మాత్రం అధికారులను మెచ్చుకోవాల్సిందే.

రెండో స్థానం పాత ఊరి నడుమ ఉన్న హువాయెన్ ఆలయానిది, అందులోనూ 1038లో, ఉత్తరాది సంచార జాతి అయిన ఖితాన్లు ఏలిన లియావ్ రాజ్యంలో కట్టిన గ్రంథ మందిరానిది. బయటి నుంచి చూస్తే అంతగా ఆకట్టుకోదు. లోపల గోడల పొడవునా, అచ్చం చిన్న మేడల్లా చెక్కిన రెండంతస్తుల చెక్క బీరువాలు ఉన్నాయి. వెనుక కిటికీ పైన ఆ మేడలను కలుపుతూ ఒక చెక్క వంతెన వంపు తిరిగి ఉంటుంది. వేదిక మీది మట్టి బొమ్మల్లో చేతులు జోడించి, పెదవులు కొద్దిగా విప్పి పళ్ళు కనిపించేలా నవ్వుతున్న బోధిసత్త్వ మూర్తి ముందు అందరూ ఆగుతారు. లోపల వెలుతురు తక్కువ కాబట్టి, ఆ బీరువాల పనితనం అందాలంటే కళ్ళు అలవాటు పడేదాకా నిలబడాలి.

హెంగ్‌షాన్ పర్వతం దగ్గర కొండ చరియకు అతుక్కుని ఉన్న వేలాడే ఆలయం గురించి నా అభిప్రాయం కాస్త మిశ్రమం. ఉత్తర వెయ్ కాలపు చివరి దశలో, 491 ప్రాంతంలో మొదలైందని చెప్పే ఈ కట్టడంలో బరువంతా రాతిలోకి దిగగొట్టిన దూలాల మీదే ఉంటుంది; కింద కనిపించే సన్నని కర్రల్లో చాలావాటికి మోసే పని తక్కువ. పైకి పొడుచుకొచ్చిన కొండ దాన్ని వానా ఎండల నుంచి కాపాడుతోంది. పై గదుల్లో ఒకదానిలో బుద్ధుడు, తావో మతానికి మూలపురుషుడైన లావోజీ, చైనా తత్త్వవేత్త కన్ఫ్యూషియస్ ఒకే చోట కొలువై ఉన్నారు. ఇంతటి కట్టడాన్ని తక్కువ చేయలేను. కానీ ప్రవేశ టికెట్ కాక, ఎక్కడానికి వేరే టికెట్ కొనాలి. రోజుకు ఇంతమందినే అనే పరిమితి కూడా ఉంది. భుజం భుజం ఒరుసుకునే ఇరుకు మెట్ల మీద వెనుకవాళ్ళు తోస్తుంటే దేవుడి ముఖం చూసేలోపే ముందుకు కదలాలి. ఎత్తంటే భయమున్నవారు లోయ అవతలి వైపు నుంచి చూస్తే చాలు. ఆలయం అసలు అందం అక్కడి నుంచే తెలుస్తుంది.

ఊరి కోటగోడ మింగ్ రాజవంశ కాలపు (14-17 శతాబ్దాల) మట్టి గోడ చుట్టూ 2008 తరువాత ఇటుకతో కొత్తగా కట్టింది. సాయంత్రం నడకకు బాగుంటుంది, చరిత్ర కోసమైతే అక్కర్లేదు. 1392 నాటి తొమ్మిది డ్రాగన్ల గోడ మాత్రం అసలైనదే. 45 మీటర్ల మెరుగు పలకల గోడను పావుగంటలో చూసేయవచ్చు.

కనుమ చూడాలనుకునేవారు దక్షిణాన, వేరే జిల్లాలో ఉన్న యెన్‌మెన్ కనుమకు ఒక రోజు కేటాయించాలి. ఉత్తరాది స్టెప్పీ గడ్డి మైదానాల నుంచి షాన్సీ రాజధాని తైయువాన్ వైపు దిగే సేనలకు, వర్తకులకు ఇదే ప్రధాన ద్వారం. చైనా చిన్న రాజ్యాలుగా చీలి పోరాడుకున్న యుద్ధ రాజ్యాల యుగంలో (క్రీ.పూ. మూడో శతాబ్దంలో) లీమూ అనే సేనాని ఇక్కడ కాపలా కాశాడు. అతనికి ఇక్కడొక గుడి ఉంది. ద్వార బురుజులను ఇటీవల బాగుచేశారు గానీ, వాటి కింది రాతి బాట పాతదే. బండి చక్రాల ఒరిపిడికి పడిన గాడులు కాలికి తగులుతాయి. దారిలో యింగ్‌షియెన్ అనే ఊరి దగ్గర ఆగితే 1056 నాటి, 67 మీటర్ల చెక్క గోపురాన్ని కూడా చూడవచ్చు. అది ఒకవైపు ఒరిగినందున పై అంతస్తులకు పంపడం లేదు. కింది అంతస్తులోని పెద్ద బుద్ధుడి దర్శనంతో సరిపెట్టుకోవాలి.

భోజనం విషయంలో మాంసాహారులకు లోటు లేదు. పిండి ముద్దను చేతిలో పట్టుకుని వంపు కత్తితో మరిగే నీళ్ళలోకి చెక్కేసే నూడుల్స్ ఈ ఊరి ప్రత్యేకత. సాధారణంగా పంది మాంసపు పులుసుతో ఇస్తారు, టమాటా-గుడ్డు పులుసు కావాలంటే అడగాలి. శాకాహారులకు ఓట్స్ పిండిని గొట్టాల్లా చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం నయం, దానిమీద బల్ల మీదుండే షాన్సీ వెనిగర్ కాస్త ధారాళంగానే పోసుకోవచ్చు. చెల్లింపులు దాదాపుగా ఫోన్ ద్వారానే జరుగుతాయి కాబట్టి బయలుదేరే ముందే చైనా చెల్లింపుల యాప్ అలీపేకి కార్డు జోడించుకోవాలి. టికెట్లకు పాస్‌పోర్టు అవసరం. చలికాలం సున్నాకు చాలా దిగువకు పడిపోతుంది, అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులతో కిక్కిరిసి ఉంటుంది. సెప్టెంబరు మధ్యలో వెళ్ళేలా చూసుకోండి.