ఎస్పెరాంటో వాక్యం కింద ఏ పొడి అక్షరాలు మేలు?

కల్పించిన అంతర్జాతీయ భాష ఎస్పెరాంటో నేర్చుకునేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: వాక్యాన్ని ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క కింద దాని అర్థం, వ్యాకరణం రాసేటప్పుడు లైప్‌జిగ్ పద్ధతిలోని (భాషా శాస్త్రవేత్తలు ఈ పనికి వాడే నియమాలు) ఇంగ్లిష్ పొడి అక్షరాలు వాడాలా, మన వ్యాకరణం పేర్లు కుదించి రాయాలా? ఈ మధ్య నా నోట్సు తిరగరాస్తూ నేను రెండోదానికి మారాను.

ఇలి వీద్-అస్ బేల్-ఆ-య్-న్ ఫ్లోర్-ఓ-య్-న్
3బవ చూడు-వర్త అందం-విశే-బవ-ద్వితీ పువ్వు-నామ-బవ-ద్వితీ
వాళ్లు అందమైన పువ్వులను చూస్తున్నారు.
(బవ = బహువచనం, వర్త = వర్తమానం, విశే = విశేషణం, నామ = నామవాచకం, ద్వితీ = ద్వితీయా విభక్తి; 3 సంగతి కింద చెప్తాను.)

మనకు 'అందమైన' ఎప్పుడూ మారదు. ఎస్పెరాంటోలో విశేషణానికీ బహువచనం, ద్వితీయ తగులుతాయి. తెలుగువాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. బడిలో డు-ము-వు-లు వల్లించినవాళ్లకు 'ద్వితీ' చూడగానే తడుతుంది. దానికే లైప్‌జిగ్ పద్ధతిలో రాసే 'ఏసీసీ' (ACC, అక్యూజటివ్) అని ఉంటే జాబితా తిరగేయాలి. చూపు వాక్యం మీంచి పక్కకు పోకపోవడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

అయితే రెండు చోట్ల జాగ్రత్త కావాలి. మొదటిది పురుష. మన 'ప్రథమ పురుష' అంటే వాడు, వాళ్లు. ఇంగ్లిష్ లెక్కలో అది మూడోది. 'ప్రపు' అని రాస్తే సగం మంది 'మేము' అనుకుంటారు. పైగా 'ప్ర' ప్రథమా విభక్తి కూడా కావచ్చు. అందుకే అక్కడ మాత్రం లైప్‌జిగ్ అంకెలే తీసుకున్నాను: మాట్లాడేవారు 1, వినేవారు 2, మిగతావారు 3. రెండోది చుక్క. మనకు 'బ.వ.' అని రాయడం అలవాటు. లైప్‌జిగ్ నియమాల్లో చుక్కకు వేరే పని ఉంది, ఒకే ముక్కలో ఇమిడిన రెండు అర్థాలను అది విడదీస్తుంది. కాబట్టి చుక్కలు తీసేసి 'బవ' అని రాయండి.

ఇంగ్లిష్ అక్షరాలకు ఒక బలం ఉంది, ఒప్పుకోవాలి. 'మి ఈరస్ ఎన్ లా జార్దేనోన్' అంటే 'నేను తోటలోకి వెళ్తున్నాను'. చివరి 'న్' ద్వితీయే, కానీ తెలుగు అనువాదంలో 'లోకి' ఉంది కనుక మన చెయ్యి వేరే విభక్తి రాయబోతుంది. 'ఏసీసీ' రాసేవారికి ఆ తికమక ఉండదు. ఇతర దేశాల భాషా శాస్త్రవేత్తలకు చూపించే పని అయితే కూడా అవే రాయండి.

అసలు పొడి అక్షరాలే వద్దనుకుని వ్యాకరణం పేర్లు పూర్తిగా రాస్తే పంక్తి పేజీ దాటుతుంది. పేర్లకు బదులు రంగులు వేస్తే ఫొటోకాపీలో పోతాయి.