కంప బొగ్గా, యాక్టివేటెడ్ కార్బనా: ఎగుమతికి ఏది మేలు?

కళ్యాణదుర్గం దగ్గర మా బావకు బొగ్గుల బట్టీ ఉంది. కంపచెట్లు కొట్టి, పేర్చి, మట్టి కప్పి కాలుస్తారు. ఆ బొగ్గు హోటళ్లకూ ఇస్త్రీ బండ్లకూ పోతుంది. నెల కిందట ఒక దళారి వచ్చి, "దీన్నే పొడి కొట్టి బయటి దేశానికి పంపుదాం. కాగితాల్లో యాక్టివేటెడ్ కార్బన్ అని రాస్తే చాలు" అన్నాడట. నేను లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి బావ నన్నడిగాడు.

"రెండూ నల్లగానే ఉంటాయి కదా అబ్బీ, ఏది రాస్తే మేలు?"

మనం ఎంచుకునేది కాదు బావా అన్నాను. కస్టమ్స్ పట్టికలో ప్రతి సరుకుకూ ఒక కోడ్ ఉంటుంది. మామూలు బొగ్గు కర్ర వస్తువుల 44వ అధ్యాయంలో, 4402 కింద ఉంటుంది. యాక్టివేటెడ్ కార్బన్ రసాయనాల 38వ అధ్యాయంలో, 3802 కింద. 44వ అధ్యాయం మొదట్లో ఉన్న గమనికే దాన్ని అక్కడికి పంపేస్తుంది.

తేడా అంతా తయారీలో ఉంది. గాలి సరిగా తగలకుండా కర్రను కాలిస్తే బొగ్గు. ఆ బొగ్గుకు 800, 900 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టించాలి, లేదంటే కర్రపొట్టుకే ఫాస్ఫారిక్ యాసిడ్ లాంటిది కలిపి కాల్చాలి. అప్పుడు లోపల కంటికి కనపడని రంధ్రాలు పుడతాయి. గ్రాము సరుకులోనే 500 నుంచి 1500 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మన ఊళ్లలో ఆర్వో ప్లాంట్లలో క్లోరిన్ వాసన లాగేసేది అదే. ల్యాబ్‌లో అయోడిన్ నంబర్ చూస్తారు, అంటే గ్రాము కార్బన్ ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్‌ను పట్టుకుందో లెక్క. బావ బొగ్గును ఎంత మెత్తగా దంచినా పొడి అవుతుందే కానీ ఆ రంధ్రాలు రావు.

(అదే కార్బన్‌ను ఫ్రిజ్‌లో వాసన పోవడానికి చిన్న ప్యాకెట్లు కట్టి అమ్మితే మళ్లీ వాసన పోగొట్టే సరుకుల కోడ్ 3307కు పోతుంది. ఒక్క నలుపుకు ఎన్ని గుమ్మాలో!)

పోనీ, ఉన్నదున్నట్టు 4402 కిందే పంపితే? కర్ర బొగ్గు ఎగుమతి మీద మన దేశంలో నిషేధం ఉంది. 2022 మేలో వెదురు బొగ్గుకు దాన్ని ఎత్తేశారు, అదీ వెదురు చట్టప్రకారం తెచ్చినదైతేనే. కోడ్‌లూ విడివిడిగా ఉన్నాయి: వెదురుకు 4402 10, టెంకాయ చిప్పల వంటివాటికి 4402 20, మిగతావాటికి 4402 90. కంప బొగ్గు పడేది ఈ చివరి దాంట్లో. దళారి పేరు మార్చమన్నది ఎందుకో అప్పుడు అర్థమైంది. కస్టమ్స్ వాళ్లు శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపితే సరుకు జప్తు, పైన పెనాల్టీ. ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే కాగితం, అదే షిప్పింగ్ బిల్లు మీద ఉండేది బావ పేరు.

నిజంగానే కార్బన్ తయారుచేసి, కోడ్ మీద అనుమానం ఉంటే అడ్వాన్స్ రూలింగ్, అంటే సరుకు పంపకముందే కస్టమ్స్ అథారిటీ ఇచ్చే తీర్పు, అడగొచ్చు. ఫీజు 10,000 రూపాయలు, 3 నెలల్లో తేల్చాలి, చట్టం మారకపోతే కొన్నేళ్లు చెల్లుతుంది. కానీ దానికి ముందు ఫర్నేసు, బాయిలరు, కాలుష్య మండలి అనుమతి కావాలి. మట్టి బట్టీ ఉన్న మనిషికి అది వేరే లోకం. బావకైతే కంప బొగ్గే మేలు, అదీ ఇక్కడి హోటళ్లకే.

బావ నా ముందే దళారికి ఫోన్ చేసి అయోడిన్ నంబర్ ఎంత రావాలని అడిగాడు.

"ఎవరి నంబరన్నా?" అన్నాడు అవతలి మనిషి.