మియాపూరా, ఎల్బీనగరా?

విజయవాడ వైపు నుంచి ఉద్యోగరీత్యా హైదరాబాద్‌కు మారే కుటుంబాలు తరచుగా తూచి చూసే మియాపూర్, ఎల్బీనగర్ రెండూ 65వ నంబరు జాతీయ రహదారి మీదే, మెట్రో ఎరుపు మార్గానికి చెరో కొసన, దాదాపు 29 కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి.

హైటెక్ సిటీలో పని ఉన్నవారికి కొండాపూర్ మీదుగా దగ్గరి దారి ఉన్న మియాపూరే మేలు. అయితే ఆ సౌకర్యానికి తగ్గట్టే అద్దెలూ ఎక్కువ. ఇళ్లలో అధికభాగం ఫ్లాట్లే కాబట్టి నెలనెలా మెయింటెనెన్స్ అదనం. ఎల్బీనగర్, దాని చేరువలోని వనస్థలిపురం కాలనీలలో అదే సొమ్ముకు విడి ఇంటిలో విశాలమైన వాటా దొరకవచ్చు గానీ, అక్కడి నుంచి మెట్రోలో హైటెక్ సిటీ పక్కనున్న రాయదుర్గం చేరాలంటే అమీర్‌పేటలో రైలు మారి నగరాన్ని దాటవలసిందే. సంక్రాంతికి విజయవాడ వైపు ఊరెళ్లేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది: మియాపూర్‌లో బస్సెక్కినవారు నగరం దాటేదాకా ఓపిక పట్టాలి, విజయవాడ దారి వైపే ఉన్న ఎల్బీనగర్‌వారు తాపీగా భోంచేసి బయలుదేరవచ్చు.

2020 అక్టోబరు వానలకు ఎల్బీనగర్ దగ్గరి సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగాయి గనుక, అటు ఇల్లు చూసేవారు యజమానిని కాక పక్కింటివారిని విచారించాలి. మియాపూర్‌లో అడగవలసింది వేసవి ట్యాంకర్ల ఖర్చు ఎవరిదని. రోజూ ఆఫీసుకు వెళ్లవలసివస్తే నేను మియాపూర్‌లో చిన్న ఫ్లాటుకే మొగ్గుతాను; వారానికి రెండు రోజులే అయితే ఎల్బీనగర్ వాటా చాలు.