కొండకర్ల ఆవ నుంచి తేలినీలాపురం దాకా

విశాఖపట్నంలో గది తీసుకుని చుట్టుపక్కల పక్షులన్నిటినీ చూసి రావచ్చనుకుని జనవరి మొదటి వారంలో బయలుదేరాం, అక్కయ్యా నేనూ. ఆ లెక్క మొదటి రోజే తప్పింది. ఐదింటికి రావలసిన అద్దె కారు ఆరున్నర దాటాక వచ్చింది. కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకి చేరేసరికి ఎండెక్కి, పక్షులు తుంగలోకి సర్దుకున్నాయి. సాయంత్రానికే అనకాపల్లిలో ఒక సాదా లాడ్జికి మారాం. వేడినీళ్లు బకెట్లో తెచ్చి ఇచ్చారు, కిటికీ సరిగా మూతపడలేదు. అయినా మరునాడు తెల్లవారేసరికి ఒడ్డున ఉన్నాం. పక్షుల కోసం వచ్చినవారికి సముద్రం కనిపించే గది కన్నా ఆ గదే మేలు.

ఆవలో తిరగడానికి తాటి దోనెలున్నాయి. రెండు తాటిమానులను తొలిచి జతగా కట్టి, గడతో తోస్తారు. మోటారు చప్పుడు ఉండదు కనుక పక్షి బెదరదు. "కదలకండమ్మా, ఆ ఆకు మీద చూడండి" అంటూ దోనె నడిపే పెద్దాయన గడ ఆపారు. ఆకుల మీద నెమలితోక జకానా అనే నీటిపిట్ట నడుస్తోంది! పొడవాటి వేళ్లు దాని బరువును పంచుతాయి, అందుకే ఆకు మునగదు. దాని పొడవు తోక గుడ్లు పెట్టే కాలంలోనే ఉంటుంది, అది చూడాలంటే వానాకాలంలో రావాలి. ఊదా రంగు నీటికోళ్లు, ఈలవేస్తూ లేచిన బాతులు, రెక్కలారబెట్టుకునే నీటికాకులు... రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. దోనె నడిపిన అంత చూపుగల మనిషికి మాట్లాడుకున్న దానికన్నా ఎక్కువ ఇవ్వడం న్యాయం.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోటికి పోటు వేళ వెళ్లడం మా పొరపాటు. పాటు వేళ నీరు వెనక్కి తగ్గి బురద బయటపడితేనే ఉల్లంకి పిట్టలు మేతకు దిగుతాయి. ఆ వేళ ఏమిటో ముందుగా జాలరులను అడిగి వెళ్లండి.

శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురానికి నౌపడలో రైలు దిగి ఆటోలో వెళ్లాం. ఊళ్లో చింతచెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు. తల్లి గూడబాతు గొంతుసంచిలోకి పిల్ల తల మొత్తం దూర్చి చేపలు తింటుంటే అక్కయ్య బైనాక్యులర్ నాకు ఇవ్వనేలేదు. వీటిని చాలామంది సైబీరియా పక్షులంటారు, కాదు. ఈ మచ్చల ముక్కు గూడబాతులు మన దక్షిణాసియావే, గూళ్లు కట్టుకోవడానికి ఇక్కడికి చేరతాయి. ఊరివాళ్లు వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అలాంటి చోట ఫొటో కోసం గూళ్ల కిందికే వెళ్లి చప్పట్లు కొట్టిన కుర్రాళ్లను చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. కావలి గోపురం ఎక్కితే అన్నీ కనిపిస్తాయి, చెట్ల కిందికి వెళ్లవలసిన పనే లేదు.

భోజనానికి టెక్కలి వెళ్లాలి, నీళ్లు వెంట ఉంచుకోవాలి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వానలతో పాటు వస్తాయి. ఆగస్టులో అక్కడికి వెళ్తాం, ఈసారి బస ఇచ్ఛాపురంలోనే.