పాత సింథ్‌కి మిడి: బయట డబ్బా మేలా, లోపల కిట్ మేలా?

నా దగ్గరున్నది రోలాండ్ ఎస్‌హెచ్-101 అనే సింథ్ (సింథసైజర్, కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు). 1982 మోడల్, మిడి (కంప్యూటర్లు, కీబోర్డులు ఒకదానికొకటి నోట్లు పంపుకునే డిజిటల్ భాష) ఇంకా కీబోర్డుల్లోకి రాని రోజులది. దీన్ని లాప్‌టాప్ నుంచి వాయించాలంటే మూడు దారులున్నాయి: రెడీమేడ్ మిడి-సీవీ కన్వర్టర్ (మిడి నోట్లని సింథ్‌కి అర్థమయ్యే కంట్రోల్ వోల్టేజ్‌గా, అంటే సీవీగా మార్చే డబ్బా) కొని బయట తగిలించుకోవడం, సింథ్ విప్పి లోపల రెట్రోఫిట్ కిట్ (పాతదానికి కొత్తగా మిడి జోడించే బోర్డు) బిగించడం, లేదా ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో కన్వర్టర్ మనమే చేసుకోవడం. నేను మూడోదానితో మొదలుపెట్టి, రెండోది చేద్దామా వద్దా అని నెలల తరబడి ఊగిసలాడి, చివరికి మొదటిదాని దగ్గర ఆగాను.

ఎందుకో తెలియాలంటే ముందు సింథ్ వెనక్కి తిప్పి చూడాలి. సీవీ ఇన్, గేట్ ఇన్, బయటి క్లాక్‌కి ఒక సాకెట్, అన్నీ కంపెనీయే ఇచ్చింది. ఏ స్వరం పలకాలో సీవీ వోల్టేజ్ చెబుతుంది, ఆక్టేవ్‌కి (సా నుంచి పై సా వరకు, 12 సెమీటోన్లు) 1 వోల్టు, అంటే సెమీటోన్‌కి దాదాపు 83.3 మిల్లీవోల్టులు. మీట నొక్కామా వదిలేశామా అనేది గేట్ చెబుతుంది. కన్వర్టర్ చేసేదల్లా మిడి నోట్‌ని ఈ రెండు వోల్టేజీలుగా మార్చడమే.

ఇంత చిన్న పని మనం చేసుకోలేమా అనిపిస్తుంది కదా, నాకూ అనిపించింది. డాక్ చిప్ (అంకెల్ని వోల్టేజ్‌గా మార్చేది) కొనడానికి బద్ధకించి, ఆర్డుయినో ఊనో పీడబ్ల్యూఎం పిన్నుకి (వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ సగటున కావలసిన వోల్టేజ్ ఇచ్చేది) ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ తగిలించి అదే సీవీ అనుకున్నాను. 5 వోల్టులని 255 మెట్లు చేస్తే ఆక్టేవ్‌కి సరిగ్గా 51 మెట్లు వస్తాయి, అందుకే కింది సా, పై సా శ్రుతిగానే పలికాయి, నేనూ మురిసిపోయాను. తీరా రి దగ్గరికి వస్తే (చతుశ్రుతి రిషభం, రెండు సెమీటోన్లు) ఎనిమిదిన్నర మెట్లు కావాలి, అర మెట్టు ఎక్కడ తెస్తాం? 8 వేసినా 9 వేసినా దాదాపు 10 మిల్లీవోల్టుల తేడా, అంటే సెమీటోన్‌లో ఎనిమిదో వంతు. సంగీతం రాని మా ఆవిడ కూడా వంటింట్లోంచి "అదేంటి, అలా మూలుగుతోంది?" అంది.

తర్వాత బుద్ధిగా కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి చిప్‌లు తెచ్చుకున్నాను. ఎంసీపీ4822 అనే 12 బిట్ల డాక్ అయితే మెట్టు 1 మిల్లీవోల్టే, రిఫరెన్స్ వోల్టేజ్ కూడా చిప్ లోపలే ఉంటుంది, నాలుగు ఆక్టేవ్‌లు వస్తాయి. మిడి ఇన్ దగ్గర 6ఎన్138 ఆప్టోకప్లర్ (వైరు కలపకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్) మాత్రం మానకండి. యూఎస్‌బీ ఉంది కదా అని నేను మానేశాను, లాప్‌టాప్‌కి చార్జర్ పెట్టినప్పుడల్లా స్పీకర్లలో సన్నగా కీచుమనేది. గ్రౌండ్ రెండు దారుల్లో కలిస్తే వచ్చే గొడవ అది. నేర్చుకోవాలన్న సరదా ఉంటే ఈ దారి బంగారం. రేపు రికార్డింగ్ ఉంది అనుకునేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

లోపల కిట్ సంగతి. దీనికో నిజమైన లాభం ఉంది. సీవీ ద్వారా వచ్చే నోట్లు 101 ప్రాసెసర్‌కి తెలియవు, కాబట్టి దాని ఆర్పెజియేటర్ (నొక్కిన మీటల్ని ఒకదాని తర్వాత ఒకటి పలికించేది), 100 స్టెప్పుల సీక్వెన్సర్ (నోట్ల వరసని గుర్తుపెట్టుకుని వాయించేది) వాటిని పట్టించుకోవు. ప్రాసెసర్ స్థానంలో కూర్చునే కిట్ అయితే మిడి నోట్లు నేరుగా వాటికి అందుతాయి. ఫిల్టర్‌కి (శబ్దం పదును మార్చే భాగం) వెనక సాకెట్ లేదు కాబట్టి దాన్ని మిడితో తిప్పాలన్నా లోపలికి వెళ్లాల్సిందే. ఈ రెండూ మీకు ప్రాణమైతే పెట్టించుకోండి. నాకు కాదు. పైగా 40 ఏళ్ల ప్లాస్టిక్ బాడీకి మిడి సాకెట్ కోసం డ్రిల్ పెట్టాలంటే చెయ్యి ఆడలేదు. బయటి డబ్బా నచ్చకపోతే వైరు పీకేస్తాం, పడిన రంధ్రాన్ని ఏం చేస్తాం? అదే డబ్బా రేపు ఇంకో సింథ్‌కీ పనికొస్తుంది. కాకపోతే కార్గ్ ఎంఎస్-20 లాంటివాటికి హెర్ట్జ్-పర్-వోల్ట్ పద్ధతి (ఆక్టేవ్ పెరిగితే వోల్టేజ్ రెట్టింపవుతుంది), ట్రిగర్ (గేట్ లాంటిదే) కూడా తిరగేసి ఉంటుంది, కొనేముందు అది చూసుకోవాలి.

జూనో-60 ఉన్నవాళ్లకి ఇంకా తేలిక. సీవీ లేకపోయినా డీసీబీ అని రోలాండ్ సొంత సాకెట్ ఉంది, దానికి మిడి కన్వర్టర్లు దొరుకుతాయి.

కార్గ్ పాలీసిక్స్ అయితే మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటాను. ఆరు వాయిస్‌ల సింథ్ (ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతుంది), బయటి నుంచి నోట్లు పంపడానికి దారే లేదు, లోపల కిట్ తప్ప గతిలేదు. ఎలాగూ విప్పాలి కూడా. ప్రాసెసర్ ఉన్న కేఎల్ఎం-367 బోర్డు మీదే మెమరీ కోసం నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది, అది కారితే పక్కనున్న రాగి దారుల్ని తినేస్తుంది. కిట్ ఆర్డర్ పెట్టకముందే మూత తీసి బ్యాటరీ చుట్టూ చూడండి. పచ్చగా, తెల్లగా పొడి పట్టి ఉంటే ముందు బ్యాటరీ తీసేసి, వెనిగర్‌తో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, దారులు తెగాయేమో మల్టీమీటర్ పెట్టి ఒక్కొక్కటీ చూసుకోండి. మిడి సంగతి ఆ తర్వాత.